మూడో బిళ్ళ

"తలుపు తీస్తారా, వీధి చివరి వడ్రంగిని పిలిపించి తీయించమంటారా?" మాస్టరు భార్య అరవడం ఇది మూడోసారి.

గడియ కదల్లేదు.

ఇంటికీ కుట్టు దుకాణానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క తలుపే. అవతలివైపు గడియ వేసుకుని మాస్టరు అరగంటగా కటింగ్ బల్ల ముందు కూర్చున్నాడు. పదకొండింటికి ఆసుపత్రిలో ఉండాలి. మందు ఎక్కించి ఐదు వారాలు దాటింది. ఇవాళ నరాల డాక్టరమ్మ అతని కుడిచేతి పట్టు కొలుస్తుంది. పట్టు పెరిగి ఉంటే రెండో విడత మందు ఇస్తారు. వేలమంది దానం చేసిన రక్తంలోంచి తీసే మందు అది, అడిగినవాళ్ళందరికీ దొరకదు. పట్టు పెరగకపోతే మాస్టరు వంతు ఇంకొకరికి పోతుంది.

"నాన్నా, కత్తెర గుడ్డలో ఉందా?" అని అడిగింది టేపు.

టేపు మాస్టరు కూతురు. సన్నగా, పొడుగ్గా, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మెడలో కొలతల టేపు వేసుకుని తిరిగిన పిల్లకి ఇంకే పేరు అతుక్కుంటుంది?

"ఉందంటే చెప్పు, మేం నోళ్ళు కట్టేసుకుంటాం."

ఆ ఇంటి కట్టుబాటు అది. కత్తెర గుడ్డలో ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఇల్లు అంటుకున్నా సరే, కత్తెర బయటికొచ్చాకే చెప్పాలి.

"కత్తెర ఎత్తగలిగితే కదే, గుడ్డలో ఉండటానికి," అన్నాడు మాస్టరు లోపలినుంచి.

ఆ మాటకి తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మరదలు గిరుక్కున వంటగదిలో ఉన్న మాస్టరు అక్కయ్య వైపు తిరిగింది. "విన్నారా వదినా? పొద్దున సుద్దముక్క మూడుసార్లు జారిపోయింది. మూడోసారి దాన్ని కాలికింద వేసి నలిపేశారు. ఇరవై మూడేళ్ళలో చీమని తొక్కి ఎరగని మనిషి."

అక్కయ్య చేతిలో మాస్టరు తాగిన కాఫీ గ్లాసు ఉంది. అడుగున రవ్వంత తెల్లటి మడ్డి. కుళాయి కింద పెట్టి దాన్ని వేలితో రుద్దింది. వేలు సరిగ్గా వంగలేదు. మోకాళ్ళూ, మణికట్టూ, వేళ్ళ కణుపులూ నెల రోజులుగా వాచి ఉన్నాయి. ఎవరైనా అడిగితే "వయసు" అంటోంది.

నిజానికి వయసు కాదు. తన బిళ్ళలు తను వేసుకోవడం లేదు.

మొదట చూసిన పెద్ద డాక్టరు మాస్టరు చేతిని రెండు నిమిషాలు నొక్కి చూసి, ఇది కండరాలకి ఆజ్ఞలిచ్చే నరాలు చచ్చిపోయే జబ్బన్నాడు. మందు లేదన్నాడు. రెండేళ్ళో మూడేళ్ళో అని, ఆ పైన మాట మింగేశాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో అన్నం ఉడికింది గానీ ఎవరికీ సయించలేదు.

తర్వాత టేపు ఎక్కడో కనుక్కుని ఈ చిన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ తీగలు తగిలించి చెయ్యంతా వెతికింది. మోచేతి కింద ఒకచోట కరెంటు ఆగిపోతోందని పట్టుకుంది. "నరం చావలేదు. పైనున్న తొడుగు దెబ్బతింది. మీ ఒళ్ళే దాన్ని శత్రువనుకుని మీద పడుతోంది. మీ ఒళ్ళే మీ మీద తిరగబడింది, అంతే. దీనికి మందుంది," అంది.

ఆ మాట అక్కయ్య ఇంతకుముందే విని ఉంది. ఏడేళ్ళ కిందట కీళ్ళ డాక్టరు తనతో అన్నదీ అక్షరం పొల్లుపోకుండా ఇదే. మీ ఒళ్ళే మీ మీద తిరగబడిందమ్మా అన్నాడు. చిన్న తెల్ల బిళ్ళలిచ్చాడు. మూడో రోజు పొద్దున్నే, ఆరు నెలలుగా మూసుకుపోయిన ఆమె పిడికిళ్ళు పువ్వులా విచ్చుకున్నాయి.

జబ్బు అదే అయినప్పుడు మందు అదే కాకుండా పోతుందా?

డాక్టరమ్మ మందు ఎక్కించి ఇంటికి పంపిన మర్నాటినుంచి తన రెండు బిళ్ళలూ, అవి దాచుకునే బొత్తాల డబ్బా మూత మీద పొడి చేసి తమ్ముడి కాఫీలో కలపడం మొదలుపెట్టింది. పది రోజులకి మాస్టరు కుడిచేత్తో కత్తెర ఎత్తాడు. ఇల్లంతా డాక్టరమ్మకి దండం పెట్టింది. అక్కయ్య మాత్రం బొత్తాల డబ్బాకి పెట్టింది. తర్వాత పట్టు మళ్ళీ తగ్గుతూ వచ్చింది. రెండు చాలలేదేమోనని మూడు చేసింది.

చెబితే ఏమవుతుంది? మరదలు ఒప్పుకోదు. తమ్ముడికిచ్చే మందు ఏదైనా మరదలి చేతిమీదుగానే పోవాలి.

"నేను ఒకటే చెబుతున్నాను." మరదలు గొంతు తగ్గించింది. "ఇవాళ మందు ఇవ్వం అని చెప్పారంటే దుకాణం మూసేస్తాను. ఈయన్ని మా అన్నయ్య దగ్గరికి తీసుకుపోతాను. ఉన్న రెండేళ్ళో మూడేళ్ళో... కనీసం సాయానికి నలుగురు ఉంటారు."

"మంచిదేగా," అంది అక్కయ్య.

"అక్కడున్నవి రెండు గదులు, వదినా."

ఆ రెండింట్లో తనకి చోటు లేదని అక్కయ్యకి అర్థమైంది. అక్కయ్య గ్లాసు బోర్లించి చేతులు తుడుచుకుంది.

ఆ తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి చెక్క మీద అరచెయ్యి ఆనించింది. "తమ్ముడూ. నాకు నిలబడే ఓపిక లేదురా."

గడియ తీసిన చప్పుడైంది. ఎడమచేత్తో తీశాడు కాబోలు, చాలాసేపు పట్టింది.

బయటికొచ్చిన మాస్టరు భార్యని చూడలేదు. "ఈ మధ్య నీ కాఫీ చేదుగా ఉంటోందక్కా," అన్నాడు.

"ఇన్నాళ్ళూ నేను కలిపితే కషాయమనేవారు," అంది మరదలు. "ఇప్పుడు మీ అక్క చేతిదీ అంతేనా? పోనీలెండి, నా ప్రాణానికి చల్లగా ఉంది."

టేపు ఒక్కతే నవ్వింది. ఆ నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది.

*

పిడికిలి పట్టు కొలిచేది ఒక ఉక్కు పిడి. దానికో ముల్లు. మాస్టరు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"మళ్ళీ," అంది డాక్టరమ్మ.

మళ్ళీ బిగించాడు.

"చాలు." పిడి తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ చిన్న మనిషి, చెవి మీద పెన్ను పెట్టుకునే అలవాటు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడేది. ఇవాళ ఆడలేదు. "మందు ఎక్కించకముందు పదకొండు. పదో రోజున పందొమ్మిది. ఇవాళ ఎనిమిది."

"అంటే... మొదటికన్నా తగ్గిందా?" అంది మరదలు.

"తగ్గింది."

డాక్టరమ్మ మాస్టరు మొహంలోకి తేరిపార చూసింది. "బుగ్గలు ఇంతకుముందు ఇలా లేవే?"

"నా వంటేనండీ," అంది మరదలు, ఆ కష్టంలోనూ కాస్త గర్వంగా. "ఈ నెలలో ఆకలి బాగా పెరిగింది. నాకు ఆ ఒక్కటే ధైర్యం."

"నిద్ర?"

"కన్ను మూతపడదు," అన్నాడు మాస్టరు.

డాక్టరమ్మ పెన్ను చెవి మీదినుంచి తీసింది. "నేను రాసినవి కాక ఇంకేమైనా వాడారా? కీళ్ళ వాపులకి ఇస్తుంటారు, చిన్న తెల్ల బిళ్ళలు. స్టెరాయిడ్లు."

"నా చెయ్యి దాటి ఒక్క బిళ్ళ పోదండీ ఇంట్లో," అంది మరదలు. "కావాలంటే ఒట్టేసి చెబుతాను."

"ఒట్టు అక్కర్లేదు. ఎందుకడిగానంటే, ఒళ్ళే ఒంటి మీద తిరగబడే జబ్బులు చాలావాటికి ఆ బిళ్ళలే ప్రాణం పోస్తాయి. ఈయన జబ్బు మాత్రం అలా కాదు. దీనికి అవి పనిచెయ్యవు, పైగా ఉన్న బలాన్ని కూడా లాగేస్తాయి. వాడలేదంటున్నారు కాబట్టి..."

గోడవార కుర్చీలో కూర్చున్న అక్కయ్యకి ఆ తర్వాతి మాటలు వినపడలేదు.

"...వాడకుండానే ఇంత పడిపోయిందంటే, నేను అనుకున్న జబ్బు కాకపోవచ్చు. పెద్ద డాక్టరుగారు చెప్పిందే నిజం కావచ్చు. అలాంటప్పుడు రెండో విడత అడగడానికి నా దగ్గర కారణం లేదు."

టేపు తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. మాస్టరు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాని మీద కప్పి కూర్చున్నాడు, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులాగా.

"రాసేయండి డాక్టరుగారూ," అన్నాడు. "గుడ్డ చివికిందని తెలిశాక ఇంకా కొలతలెందుకు?"

"ఏమండీ, అలా అనకండి!"

"నువ్వు మీ అన్నయ్యకి కబురు పెట్టు."

అక్కయ్య కుర్చీ అంచుకి జరిగింది.

అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు. చెబితే? ఇక ఈ జన్మలో తమ్ముడు తన చేతి మంచినీళ్ళయినా ముట్టడు. మరదలికి రెండు గదుల సాకు కూడా అక్కర్లేదు. చెప్పకపోతే? పోయేది తమ్ముడు.

వెళ్ళేవాళ్ళెవరూ వెళ్తున్నామని చెప్పి వెళ్ళలేదు ఆమెతో. తల్లి వేణ్ణీళ్ళు పట్రమ్మని పంపింది. చెంబుతో తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి మొహం దాకా లాగి ఉంది. అప్పుడు తమ్ముడికి ఎనిమిదేళ్ళు. భర్త రైలు ఆగిన స్టేషనులో నీళ్ళు పట్టుకొస్తానని దిగాడు. రైలు కదిలింది, ఆమె సీటు పక్కన చోటు అలాగే ఉండిపోయింది. ఆ రెండుసార్లూ తనకి తెలియదు. తెలిసి ఉంటే కాళ్ళకి అడ్డం పడేదాన్నని నలభై ఏళ్ళు అనుకుంది. ఇప్పుడు తెలుసు.

డాక్టరమ్మ కాగితం ముందుకి లాక్కుంది. తల వంచి రాయడం మొదలుపెట్టింది. పెన్ను కాగితం మీద కరకరమంటూ పోతోంది, ముతక గుడ్డలో కత్తెర పోయినట్టు. కోసిన గుడ్డ మళ్ళీ అతకదని తమ్ముడికి నేర్పింది తనే. కత్తెర కదులుతున్నప్పుడు నోరు విప్పకూడదని కట్టడి పెట్టిందీ తనే.

"ఆపండమ్మా," అంది అక్కయ్య.

పెన్ను ఆగింది.

"నేనిచ్చాను. ఆ బిళ్ళలు."

"ఎవరికి?" అంది మరదలు, అర్థం కాక.

"తమ్ముడికి. నాకిచ్చినవి. మా కీళ్ళ డాక్టరు నాతో అన్నమాటే ఈవిడా అంది, ఒళ్ళే తిరగబడిందని. ఒకటే జబ్బనుకున్నాను."

డాక్టరమ్మ ముందుకి వంగింది. "రోజుకి ఎన్ని?"

"మొదట రెండు. చెయ్యి కుదురుతుంటే నా బిళ్ళల వల్లే అనుకున్నా. మళ్ళీ తగ్గడం చూసి మూడు చేశాను."

"దేంట్లో ఇచ్చారు?"

"కాఫీలో."

మరదలు అరుస్తుందని అక్కయ్య ఎదురుచూసింది. అరిచినా బాగుండేది. మరదలు నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, తన రెండు అరచేతుల వైపు చూసుకుంది.

"కాఫీ చేదంటున్నారని మొన్న నేనే చక్కెర డబ్బా తెచ్చి మీ చేతికిచ్చాను, వదినా," అంది. "ఇంకో చెంచా వెయ్యండి అన్నాను."

"అత్తా..." అంది టేపు.

మాస్టరు తల ఎత్తలేదు. "ఎన్ని రోజులక్కా?"

"ముప్ఫై ఆరు."

అతను తల ఊపాడు, కోటుకి నడుము కొలత చెబితే ఊపినట్టు.

డాక్టరమ్మ లేచి వచ్చి అక్కయ్య ముందు గొంతుకూర్చుంది. అడక్కుండానే ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. వాచిన కణుపుల మీద బొటనవేలితో మెల్లిగా నొక్కింది. అక్కయ్య పళ్ళు బిగబట్టింది.

"మీవి మానేసి ఆయనకి పోశారా?"

అక్కయ్య చేతులు వెనక్కి లాక్కోబోయింది.

"ఏడేళ్ళుగా వాడుతున్న బిళ్ళలు ఇలా హఠాత్తుగా మానేస్తే మనిషి పోవచ్చు. తెలుసా మీకు?"

"తెలీదమ్మా."

"ఏం తెలుసని మందులిచ్చారు మరి?" డాక్టరమ్మ గొంతులో కోపం మొదటిసారి పైకొచ్చింది. వెంటనే తగ్గించుకుంది. "మీరు ఇవాళే మళ్ళీ మొదలుపెట్టాలి. ఆయనకి ఒక్కసారిగా ఆపకూడదు. రేపటినుంచి రెండు, తర్వాత ఒకటి, తర్వాత సగం. రాసిస్తాను."

"అయితే చెయ్యి తిరిగొస్తుందా?" అంది మరదలు. "ఆ బిళ్ళలు ఆపితే వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పండి."

డాక్టరమ్మ లేచి వెళ్ళి, రాసిన కాగితం చేతిలోకి తీసుకుంది. "చెప్పలేను. బిళ్ళల వల్ల తగ్గిందో, ఎక్కించిన మందు బలం తీరిపోయి తగ్గిందో, అసలు ఇది ఆ పెద్ద జబ్బేనో. మూడూ కలిసిపోయాయి. వేటికవి విడదీయాలంటే ఇంకో విడత ఎక్కించి చూడాలి. దానికి మా ఆసుపత్రి పెద్దలు ఒప్పుకోవాలి. గురువారం కూర్చుంటారు."

"ఒప్పుకుంటారా?"

"జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇంట్లోవాళ్ళు తెలియక వేరే మందు కలిపి ఇచ్చిన మనిషికి మళ్ళీ ఎందుకివ్వాలని అడుగుతారు. అడిగినప్పుడు..." రాసిన కాగితాన్ని సగానికి మడిచి చించి, కొత్తది తీసుకుంది. "అడిగినప్పుడు చూద్దాం."

తిరిగి ఇంటిదారి పట్టారు. ఇంటి మలుపు దగ్గర మరదలు, ఎవరితోనో తెలియకుండా, "పదో రోజున పందొమ్మిది," అంది. కాసేపటికి మళ్ళీ అంది.

*

మర్నాడు అలవాటు చొప్పున ఆరింటికి అక్కయ్య వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి అప్పటికే వెలుగుతోంది. మరదలు పాలు కాస్తోంది.

"మీరు కూర్చోండి వదినా," అంది.

ఆ గొంతులో కోపం లేదు. లేకపోవడానికే అక్కయ్యకి భయం వేసింది. గట్టు మీద రెండు సాసర్లున్నాయి. ఒక్కోదాంట్లో రెండేసి తెల్ల బిళ్ళలు. బొత్తాల డబ్బా ఉండే అర ఖాళీగా ఉంది.

"ఇవాళ్టినుంచి నేనే ఇస్తాను. ఇద్దరికీ."

"అలాగేనమ్మా."

మరదలు కాఫీ రెండు గ్లాసుల్లో పోసింది. చక్కెర వెయ్యబోయి చెయ్యి ఆగింది. డబ్బా మూత పెట్టేసింది.

దుకాణంలోంచి మాస్టరు పిలిచాడు. "అక్కా."

మరదలు గ్లాసు తనే అందుకోబోయింది.

"అక్కా, కాఫీ నువ్వే పట్రా."

మరదలు అక్కయ్య మొహంలోకి చూసింది. ఒక్క క్షణం తర్వాత గ్లాసూ, సాసరూ ఆమె వైపు జరిపింది. అక్కయ్య వేళ్ళు గ్లాసు చుట్టూ మూసుకోలేదు. రెండు అరచేతుల మధ్యా ఇరికించుకుని, సాసరు మోచేతి మీద ఆపుకుని నడిచింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద బూడిదరంగు కోటు గుడ్డ పరిచి ఉంది. దాని మీద సుద్దగీత వంకరటింకరగా పోయింది, బడిలో కొత్తగా చేరిన పిల్లాడు గీసినట్టు. ఎడమచేత్తో గీసుకున్నాడు.

గ్లాసు బల్ల మీద పెట్టింది. మాస్టరు బిళ్ళల వైపు చూడలేదు. కాఫీ వైపు చూశాడు. పొగ తేలిపోతోంది. అతను ఎడమచెయ్యి చాపి, గ్లాసుని నెమ్మదిగా మళ్ళీ ఆమె వైపే తోశాడు.

"ముందు నువ్వు తాగు."

వెనక గుమ్మంలో మరదలి అడుగులు ఆగిన చప్పుడు వినిపించింది.

నీ ఒంట్లో బాగాలేదు, నువ్వు ముందు తాగు అన్నాడా? ఇందులో ఏముందో నువ్వు తాగితేనే నమ్ముతాను అన్నాడా? తన చేతుల్లో పెరిగిన పిల్లవాడి మొహం అది. ఏ ముడత ఎందుకు పడుతుందో ఆమెకి తెలుసు. ఇవాళ ఆ నిండు బుగ్గల్లో ఏదీ చదవలేకపోయింది. ఆ బుగ్గలు బిళ్ళలతో నింపిందీ తనే.

అడుగుదామని నోరు తెరిచింది.

అప్పటికే మాస్టరు ఎడమచేత్తో కత్తెర అందుకుని, దాని రెండు కొనలూ గుడ్డ అంచుకి చేర్చాడు. ముతక నేత కరకరలాడింది.

కత్తెర గుడ్డలో ఉంది.